పరుగు ముగించినవాడికీ అంగీ కావాలి

మా సంఘంలో పుట్టి పెరిగిన ఒక యువకుడు అమెరికాలోని మినియాపొలిస్ నగరంలో ఉద్యోగం చేస్తున్నాడు. కిందటి వేసవిలో సైకిలు కొన్నాడు. వచ్చే జూన్‌లో ఒక్కరోజులో నూరు మైళ్లు తొక్కాలని గురి పెట్టుకున్నాడు. రోజూ ఆఫీసుకు వెళ్లేముందు గంటసేపు తొక్కేవాడు, ఆ గంటలోనే ప్రార్థన కూడా చేసుకునేవాడు. ‘చెరువు గట్టున సూర్యుడు లేస్తుంటే నాకు తెలియకుండానే స్తుతి వచ్చేస్తోంది అయ్యగారూ’ అని జూలైలో ఫోన్‌లో చెబితే ఎంతో సంతోషించాను. డిసెంబరులో మళ్లీ ఫోన్ చేశాడు. గొంతులో ఆ ఉత్సాహం లేదు. ‘సైకిల్ గోడకు తగిలించేశానండీ, దాంతోపాటు ప్రార్థన కూడా’ అన్నాడు.

అక్కడి చలి మనకు ఊహకందేది కాదు. జనవరి తెల్లవారుజామున మైనస్ 10 డిగ్రీలకంటే కిందికి దిగడం అక్కడ మామూలే. పైగా సైకిలు తొక్కేవాడు తన గాలిని తనే పుట్టించుకుంటాడు. మైనస్ 10 డిగ్రీల్లో గంటకు 20 కిలోమీటర్ల వేగంతో వెళితే గాలి లేకపోయినా ముఖానికి మైనస్ 18లా తగులుతుంది. డిసెంబరు చివరలో సూర్యుడు ఎనిమిది గంటలకు కాస్త ముందు లేచి, సాయంత్రం నాలుగున్నరకే వెళ్లిపోతాడు. అయినా ఆ ఊళ్లో చలికాలమంతా సైకిలు తొక్కేవాళ్లున్నారు. పాత రైలుదారిని సైకిళ్ల బాటగా మార్చిన మిడ్‌టౌన్ గ్రీన్‌వే అనే దారి ఉందట. మంచు పడితే దాన్ని యంత్రాలతో తోసి శుభ్రం చేస్తారట. అంటే దారి ఉంది, సైకిలు ఉంది, తొక్కేవాళ్లూ ఉన్నారు. మావాడికి లేనిదల్లా మనసు.

అతన్ని నిజంగా బాధపెట్టింది చలి కాదని మాటల్లోనే తెలిసింది. ‘మంచం దిగాలని అనిపించనప్పుడు, ప్రార్థన చేయాలని అనిపించనప్పుడు బలవంతాన మోకరించడం వేషధారణ కాదా అయ్యగారూ? దేవుడు హృదయాన్ని చూస్తాడు కదా! నా హృదయంలో ఏమీ లేదు. ఎండ ఉన్నప్పుడు వచ్చిన భక్తి చలికి పోయిందంటే అది అసలు భక్తేనా?’ అని అడిగాడు. సువార్త సభల్లో ఎవరూ అడగని ప్రశ్న ఇది. అడగకుండానే చాలామంది మెల్లగా ప్రార్థన మానేస్తారు. ఆ తరువాత గుడి మానేస్తారు. ఏ రోజున మానేశారో వాళ్లకే గుర్తుండదు. అందుకని ఫోన్‌లో రెండు మాటలు చెప్పి ఊరుకోకుండా, ఆలోచించి చెబుతానన్నాను.

ఆ వారంలోనే టామీ గాడ్విన్ అనే ఆంగ్లేయుడి గురించి చదివాను. 1912లో స్టోక్-ఆన్-ట్రెంట్‌లో పుట్టాడు. 14 ఏళ్ల వయసులో కొట్లో సరుకులు ఇళ్లకు చేరవేసే పనికి కుదిరితే బరువైన సైకిలు ఇచ్చారు. దాని ముందున్న ఇనుప బుట్టను పీకేసి, అదే సైకిలుతో 25 మైళ్ల పందెంలో నెగ్గాడు. ఆయన చేసిన పెద్ద పని 1939లో మొదలైంది. ఒక్క ఏడాదిలో ఎవరు ఎక్కువ దూరం సైకిలు తొక్కుతారన్నది పోటీ. అంతకుముందు 1937లో ఆస్ట్రేలియాకు చెందిన ఆసీ నికల్సన్ 62,657 మైళ్లు తొక్కి ఉన్నాడు. గాడ్విన్ జనవరి 1 తెల్లవారుజామున, ఇంకా చీకటి ఉండగానే బయలుదేరాడు.

ఆ తేదీ గమనించండి. ఇంగ్లండులో జనవరి అంటే చలి, వాన, మంచు. హాయిగా ఉండే రోజు చూసి మొదలుపెట్టే వీలు లేదు. ఏడాది లెక్క జనవరిలో మొదలవుతుంది, డిసెంబరులో ముగుస్తుంది. రెండు చివర్లా చలికాలమే. జూన్ 21న, పగలు సుదీర్ఘంగా ఉన్న రోజున, ఆయన 361 మైళ్లు తొక్కాడు. పుస్తకాల్లో ఆ రోజును గొప్పగా రాస్తారు. కానీ ఏడాది మొత్తం జూన్ 21 కాదు కదా! సెప్టెంబరులో యుద్ధం వచ్చింది, రాత్రుళ్లు దీపాలు ఆర్పేయాలన్న ఆజ్ఞ వచ్చింది. సైకిలు లైటు మీద ముసుగు కట్టి, మసక వెలుతురులోనే తొక్కాడు. అక్టోబరు 26న పాత రికార్డు దాటాడు. ఇక చాలని దిగిపోలేదు. డిసెంబరు ఆఖరుకు 75,065 మైళ్లు, అంటే సుమారు 1,20,800 కిలోమీటర్లు అయ్యాయి. రోజుకు సగటున 330 కిలోమీటర్లు! ఆ తరువాత కూడా ఆపకుండా 1940 మే నాటికి, 500 రోజుల్లో లక్ష మైళ్లు పూర్తి చేశాడు. ఏడాది రికార్డు 2016లో గానీ చెదరలేదు.

ఆయన్ను అనుకరించమని నేను ఎవరికీ చెప్పను. సైకిలు దిగాక మామూలుగా నడవడం మళ్లీ నేర్చుకోవలసి వచ్చిందట ఆయనకు. శరీరం దేవుని ఆలయమని చెప్పే నేను దాన్ని అంతగా అరగదీయమని ఎలా చెబుతాను? శరీర సాధకం కొంచెమే ప్రయోజనకరమని పౌలు తిమోతికి రాశాడు. కొంచెం అన్నాడే గాని సున్నా అనలేదన్నది మాత్రం బద్ధకస్తులు గమనించాలి.

గాడ్విన్ కథలో నన్ను పట్టుకున్నది మైళ్ల లెక్క కాదు, చిన్న కార్డు. తొక్కిన దూరానికి రుజువుగా కార్డు మీద దారిలో వారి సంతకాలు తీసుకుని, దాన్ని సైక్లింగ్ పత్రికకు పంపాలి. జనవరి చలిలో ఏదో ఊళ్లో ఒక మనిషి నిలబడి, చేతులు రుద్దుకుంటూ ‘ఇతను ఈ వేళకు ఇక్కడికి వచ్చాడు’ అని సంతకం పెట్టడాన్ని ఊహించుకోండి. అందులో ‘ఇతను ఎంతో ఆనందంగా వచ్చాడు’ అని రాయడానికి గడి లేదు. వచ్చాడా లేదా, అంతే.

హెబ్రీ పత్రిక 12వ అధ్యాయం మొదట్లోనే మన చుట్టూ మేఘంలా ఆవరించి ఉన్న సాక్షుల మాట, వెంటనే ఓపికతో పరుగెత్తాలన్న మాట వస్తాయి. ఆ సాక్షుల్ని ఆటస్థలంలో చప్పట్లు కొట్టే ప్రేక్షకుల్లా చిత్రించి చాలా ప్రసంగాలు చేశాను. అక్కడున్న గ్రీకు మాట ‘మార్టుస్’. అసలు అర్థం చూసేవాడు కాదు, సాక్ష్యమిచ్చేవాడు. తాము ఆ దారిన వెళ్లి, అది వెళ్లగలిగే దారేనని చెప్పేవాళ్లు. వాళ్లలో చాలామంది, 11వ అధ్యాయం చదివితే తెలుస్తుంది, వాగ్దానం నెరవేరడం చూడకుండానే వెళ్లిపోయినవాళ్లు. ఎండ చూడకుండా శీతాకాలమంతా నడిచినవాళ్లు.

ఇక నా సంగతి. సెమినరీ ముగించి ఆదిలాబాద్ జిల్లాలో సేవ మొదలుపెట్టినప్పుడు నాకు ఆరు ఊళ్లు అప్పగించారు, వాటికి ఒక సైకిలు. పుస్తకాల్లో బార్త్‌నూ బోన్‌హోఫర్‌నూ చదివినవాడిని, పంక్చరు వేయడం మాత్రం రాదు. ఆదిలాబాద్ చలి మన తెలుగు ప్రాంతాల్లో పేరున్న చలి. మినియాపొలిస్ వాళ్లు నవ్వుతారేమో గానీ, స్వెట్టరు మీద దుప్పటి కప్పుకుని మంకీ క్యాప్ పెట్టుకున్నా తెల్లవారుజామున హ్యాండిల్ పట్టుకున్న వేళ్లు కట్టెల్లా అయ్యేవి. ఒక ఊరు 14 కిలోమీటర్లు. నెలకు ఒక ఆదివారం అక్కడ ప్రభువు బల్ల. పాస్టరు వెళ్లకపోతే ఆ నెలకు వాళ్లకు సంస్కారం లేనట్టే.

1998 జనవరిలో ఒక ఆదివారం నేను వెళ్లలేదు. జ్వరం లేదు, సైకిలు చెడలేదు. నాలుగున్నరకు మెలకువ వచ్చింది, పొగమంచు కిటికీదాకా ఉంది, దుప్పటి ముసుగు తన్నాను. ఆ రోజుల్లో నా ప్రార్థన కూడా ఎండిపోయి ఉంది. మనసు లేకుండా బల్ల దగ్గర నిలబడటం కంటే నిలబడకపోవడమే నిజాయితీ అని నాకు నేనే ఒక వేదాంతం చెప్పుకున్నాను. మావాడు ఇప్పుడు అడిగిన ప్రశ్నే, అప్పుడు నా జవాబు అది.

మరుసటి నెల వెళ్లాను. ఆరాధన అయ్యాక సంఘపెద్ద పక్కకు పిలిచాడు. పోయిన నెల పక్క గూడెం నుంచి ఒక అవ్వ చీకట్లోనే నడిచొచ్చిందట. గుడి ముందు చలిమంట వేసుకుని అందరూ కూర్చున్నారట. ‘పొద్దు నెత్తిమీదికొచ్చేదాక కూసుంది అయ్యగారూ. సైకిల్ గంట ఇనవడ్డదా అని రెండుసార్లు అడిగింది’ అన్నాడు. ఆ నెలలోనే ఆమె చనిపోయింది. సమాధి కార్యక్రమం వాళ్లే చేసుకున్నారు. నాకు కబురు పంపితే ఇంత చలిలో ఇబ్బంది పడతానని పంపలేదట. నన్ను నిష్ఠూరంగా ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

దేవుడు ఆ అవ్వను రొట్టె తినలేదని నిలదీయడు. నాకు తెలుసు. ఆ రోజు ఆమెకు తక్కువైందేమిటో ప్రభువు నింపి ఉంటాడు. కానీ నా ‘నిజాయితీ’ వల్ల ఒక మనిషి గుడి ముందు సగం పూట కూర్చుంది. నాకు ఆ ఉదయం మనసు ఉందా లేదా అన్నది ఆమెకు అవసరమే లేదు. సైకిలు గంట వినబడితే చాలు.

అందుకే మావాడికి ఇలా చెప్పాను. వేషధారణ అంటే లేనిది ఉన్నట్టు ఇతరులకు చూపించడం. మత్తయి 6వ అధ్యాయంలో ప్రభువు తప్పుపట్టింది వీధి మూలల్లో నలుగురూ చూడాలని చేసే ప్రార్థనను. తెల్లవారుజామున ఐదు గంటలకు, చీకటి గదిలో, మనసు లేకపోయినా మోకరించేవాణ్ని చూసేదెవరు? అక్కడ చప్పట్లు లేవు. ‘ప్రభువా, నాలో ఏమీ లేదు’ అని చెప్పడం కూడా ప్రార్థనే, అందులో అబద్ధం ఒక్కటీ లేదు. 88వ కీర్తన చదవమన్నాను. కీర్తనలన్నిటిలో అంత చీకటిది మరొకటి లేదు. చివరి మాట కూడా చీకటి గురించే. అయినా ఆ కీర్తనకారుడు ఉదయాన తన ప్రార్థన దేవుణ్ని ఎదుర్కొంటుందని మధ్యలో చెప్పుకున్నాడు. వెలుగు రాలేదు, వేళ మాత్రం తప్పలేదు.

సైక్లింగ్ శిక్షకులు శీతాకాలాన్ని పునాది కాలంగా చూస్తారు. చల్లని దేశాల్లో పందేలు వసంతంలో మొదలవుతాయి గనక, డిసెంబరు, జనవరిల్లో వేగం మాట మరచి, నెమ్మదిగా చాలాసేపు తొక్కిస్తారు. గుండె ఒక్కో కొట్టుకు ఎక్కువ రక్తం పంపడం, కండరాల్లో సన్నని రక్తనాళాలు పెరగడం అలాంటి తొక్కుడులోనే జరుగుతుంది. ఆ పెరుగుదల రోజువారీ తెలియదు. నిన్నటికంటే బాగుందని ఒక్క ఉదయమూ అనిపించదు. వేసవిలో ఎత్తు ఎక్కేటప్పుడు తెలుస్తుంది. కొరింథులో ఏడాదిన్నర ఉన్న పౌలు, ఆ ఊరి దగ్గర రెండేళ్లకోసారి జరిగే ఇస్త్మియ ఆటల సంగతి ఎరిగినవాడే. దేవదారు జాతి ఆకులతోనో వాడిన ఆకుకూరతోనో అల్లిన కిరీటం కోసం క్రీడాకారులు అన్ని విషయాల్లో ఎంత మితంగా ఉంటారో వారికి రాసిన మొదటి పత్రిక 9వ అధ్యాయంలో చెప్పాడు.

అయితే ఇంత చెప్పి ‘కాబట్టి గట్టిగా నిర్ణయించుకో’ అని ఊరుకుంటే ఆ కుర్రవాడికి భారం పెంచినవాడినవుతాను. పౌలు రెండో తిమోతి పత్రిక చివరి అధ్యాయంలో తన పరుగు ముగిసిందని రాశాడు. మనం సమాధుల మీద చెక్కించుకునే మాట అది. ఇంకా ఆరు వచనాలు దాటితే అదే మనిషి త్రోయలో కర్పు దగ్గర వదిలిన అంగీ తెమ్మంటున్నాడు, పుస్తకాలు తెమ్మంటున్నాడు. ఇంకొంచెం కిందికి వెళితే, చలికాలం రాకముందే రమ్మని తిమోతిని బతిమాలుతున్నాడు. ఆ కాలంలో నవంబరు నుంచి మార్చిదాకా మధ్యధరా సముద్రంలో ఓడల ప్రయాణం దాదాపు ఆగిపోయేది. తిమోతి ఆలస్యం చేస్తే వసంతందాకా రాలేడు. అప్పటిదాకా వృద్ధుడు చెరసాల రాతి నేల మీద అంగీ లేకుండా ఉండాలి. విశ్వాసం ఉంది గనక చలి వేయదని పౌలు అనుకోలేదు. అంగీ అడిగాడు, మనిషిని అడిగాడు.

1998 ఫిబ్రవరి తరువాత నేను మారింది కూడా అంతమేరకే. నాకు ధైర్యం పెరగలేదు. శనివారం రాత్రే సైకిలుకు గాలి కొట్టి, సంచి సర్ది, స్వెట్టరు మంచం పక్కన పెట్టుకునేవాణ్ని. సంఘపెద్ద కొడుకు సగం దారిలో రావిచెట్టు కింద నాకోసం నిలబడేవాడు. వాడు నిలబడ్డాడని తెలిశాక పడుకోవడం కుదరదు.

మావాడికి కూడా అవే చెప్పాను. పలుచని బట్టలు రెండుమూడు పొరలుగా వేసుకో, వేళ్లు, చెవులు ముందు కప్పుకో. చలిలో దాహం తెలియదు, అయినా నీళ్లు తాగు. రోడ్డు మీద మంచు గడ్డకట్టిన రోజున వీరత్వం వద్దు, ఇంట్లోనే వెనక చక్రం బిగించి తొక్కే ట్రైనరు మీద అరగంట తొక్కు. గంట కుదరకపోతే ఇరవై నిమిషాలు. (నా వయసువాళ్లకు మరో మాట. చలికి రక్తనాళాలు కుంచించుకుని రక్తపోటు పెరుగుతుంది. డాక్టరును అడగకుండా తెల్లవారుజామున సైకిలు ఎక్కవద్దు.) అన్నిటికంటే ముందు, నీకోసం మూల మలుపులో నిలబడే ఒకణ్ని వెతుక్కో అన్నాను. అక్కడ తనకు తెలిసిన విశ్వాసులెవరూ సైకిలు తొక్కరన్నాడు. విశ్వాసే కానక్కరలేదు, నీకోసం నిలబడితే చాలు, ప్రార్థనకు మాత్రం వారానికి రెండు రోజులు నాకు ఫోన్ చెయ్యి అన్నాను. అక్కడ తెల్లవారితే ఇక్కడ రాత్రి. మొదటి వారం ఒకసారే చేశాడు. రెండో వారం చేయలేదు.

మొన్న శనివారం భోజనం చేస్తుంటే ఫోన్ మోగింది. తన ఆఫీసులో పనిచేసే ఒక కెన్యా దేశస్థుడితో కలిసి గ్రీన్‌వే మీద ఎనిమిది మైళ్లు తొక్కి వచ్చాడట. వేళ్లు ఇంకా మొద్దుబారి ఉన్నాయనీ, టీ కప్పు పట్టుకుని మాట్లాడుతున్నాననీ చెప్పాడు. ‘బాగుందా?’ అన్నాను. ‘ఏం బాగుంటుందండీ, ముక్కు ఊడిపోతుందనుకున్నా’ అన్నాడు. కాసేపు ఇద్దరం నవ్వుకున్నాం. తరువాత అతను కొంచెంసేపు మౌనంగా ఉండి, ‘అయ్యగారూ, మీరు చేయండి, నేను వింటాను’ అన్నాడు. నేను కంచం పక్కకు జరిపి మొదలుపెట్టాను.