వాడని మందుల సురక్షిత నిర్మూలన: ఔషధ దుకాణాల, వైద్యసంస్థల పాత్ర – రాప్తాడు నేపథ్యం

వ్యాస సంగ్రహం:
ఇళ్లలో మిగిలిపోయిన, గడువు తీరిన మందులను ఎవరు సేకరించాలి, ఎలా నాశనం చేయాలి అన్నది ఈ వ్యాసంలోని ప్రధాన ప్రశ్న. ఆసుపత్రిలోను, దుకాణంలోను, ఇంట్లోను ఒకే మందుకు నియమాలు వేర్వేరుగా వర్తిస్తున్న తీరును, కరవు మండలంలో దాని పర్యవసానాన్ని, ఆచరణసాధ్యమైన మార్గాన్ని ఇది వివరిస్తుంది.

కీలకపదాలు: గడువు తీరిన మందులు, జీవవైద్య వ్యర్థాలు, యాంటీబయోటిక్ నిరోధకత, రాప్తాడు.

1. ఉపోద్ఘాతం:
అనంతపురానికి దక్షిణంగా, 44వ జాతీయ రహదారిపై ఉన్న మండల కేంద్రం రాప్తాడు. మిగతా పల్లె ప్రాంతాలలో వలెనే ఇక్కడి ఇళ్లలోనూ రక్తపోటు, మధుమేహం మాత్రలు నిత్యావసరాలయ్యాయి. వైద్యుడు మందు మార్చినప్పుడు, జ్వరం తగ్గగానే యాంటీబయోటిక్ ఆపివేసినప్పుడు, రోగి మరణించినప్పుడు మందు మిగులుతుంది. దుకాణంలో స్ట్రిప్పును కత్తిరించి నాలుగు మాత్రలు ఇచ్చినప్పుడు, గడువు తేదీ ముద్రించిన ముక్క ఇంటికి రాకపోవచ్చు. అలాంటి మాత్ర ఎప్పటిదో, దేనికోసమో కొంతకాలానికి ఎవరికీ తెలియదు. పిల్లల చేతికి అందడం, పాత చీటీతో మరొకరు వేసుకోవడం ఇందులోని తక్షణ ప్రమాదాలు.

2. ఒకే మందు – మూడు దారులు:
జీవవైద్య వ్యర్థాల నిర్వహణ నియమాలు–2016 ప్రకారం ఆసుపత్రిలో గడువు తీరిన మందు పసుపు రంగు వర్గానికి చెందుతుంది. దానిని తయారీదారుకు తిప్పి పంపాలి, లేదా దహనయంత్రంలో కాల్చాలి. క్యాన్సర్ చికిత్సలో వాడే కణనాశక మందులకు 1200 డిగ్రీల సెల్సియస్‌కు మించిన వేడి అవసరం. దుకాణంలో అమ్ముడుపోని సరుకు పంపిణీదారు ద్వారా కంపెనీకి తిరిగి వెళ్లే వ్యాపార పద్ధతి ఉంది. గడువు తీరిన మందును అమ్మడాన్ని ఔషధ నియమావళి–1945 నిషేధించింది.

ఇంటికి చేరిన మందుకు మాత్రం తిరుగుదారి లేదు. ఘనవ్యర్థాల నిర్వహణ నియమాలు–2016 దానిని గృహ ప్రమాదకర వ్యర్థంగా గుర్తించి, విడిగా ఉంచి అప్పగించమన్నాయి. అయితే కొన్న మందును వెనక్కి తీసుకొని నాశనం చేయించే బాధ్యతను దుకాణదారుపై చట్టం స్పష్టంగా మోపలేదు. అందువల్ల నియమం ఉన్నా, మందును అప్పగించే చోటు లేక అది చెత్తకుప్పకు చేరుతుంది.

3. నేల, నీరు:
మెట్ట ప్రాంతంలో ఈ సమస్యకు మరో కోణం ఉంది. అనంతపురం దేశంలో అతి తక్కువ వర్షపాతం గల జిల్లాలలో ఒకటి. ఏడాదిలో అధికభాగం వంకలు ఎండి ఉంటాయి, బోరుబావులే ఆధారం. నీరు తక్కువైన చోట కాలుష్యం పలచబడే అవకాశం కూడా తక్కువే. పెరట్లో పూడ్చిన మాత్ర వానకు కరిగి నేలలోకి దిగగలదు. పొయ్యిలో వేస్తే వేడి చాలక, ప్లాస్టిక్, అల్యూమినియం రేకులతో కలిసి విషపు పొగ వెలువడుతుంది.

మందు నీటిలో చేరితే ఏమవుతుందో తెలుగునేలపైనే వెల్లడైంది. హైదరాబాదు సమీపంలోని పటాన్‌చెరు వద్ద శుద్ధి కేంద్రం నుంచి వెలువడిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ ఉన్నట్లు లార్సన్ బృందం 2007లో ప్రకటించింది. అది కర్మాగారాల వ్యర్థం. గృహ వ్యర్థంతో పరిమాణంలో పోల్చదగినది కాదు. కానీ యాంటీబయోటిక్ ఉన్న పరిసరాలలో దానిని తట్టుకునే సూక్ష్మజీవులకే మనుగడ సులభమన్న సూత్రం రెండింటికీ వర్తిస్తుంది.

4. 2025 మార్గదర్శకాలు, కేరళ అనుభవం:
కేంద్ర ఔషధ ప్రమాణాల నియంత్రణ సంస్థ 2025 మే నెలలో గడువు తీరిన, వాడని మందుల నిర్మూలనపై మార్గదర్శక పత్రం వెలువరించింది. ఫెంటనిల్, మార్ఫిన్, ట్రామడాల్, డయాజెపామ్ వంటి 17 మందులను మాత్రం మరుగుదొడ్డిలో వేసి నీళ్లు కొట్టివేయమన్నది. ఒక్క మోతాదు పొరపాటుగా వేసుకున్నా ప్రాణహాని కలగవచ్చు గనుక, నీటి కాలుష్యం కన్నా ఆ ముప్పే పెద్దదని దీని తర్కం. ఈ మినహాయింపును మిగతా మందులకు వర్తింపజేయరాదు. వాటికోసం రాష్ట్ర ఔషధ నియంత్రణ శాఖలు, ఔషధ వ్యాపారుల సంఘాలు కలిసి సేకరణ కేంద్రాలు నడపాలని ఆ పత్రం సూచించింది.

కేరళ ఔషధ నియంత్రణ శాఖ 2025 ఫిబ్రవరిలోనే కోళికోడ్ నగరంలోను, ఉళ్ళియేరి పంచాయతీలోను ఇటువంటి పథకాన్ని ప్రారంభించింది. నగరంతో పాటు ఒక పంచాయతీని ఎంచుకోవడం రాప్తాడు వంటి చోట్లకు మార్గదర్శకం.

5. రాప్తాడుకు తగిన విధానం:
మందుల దుకాణంలోను, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోను తాళం వేసిన పెట్టె ఉంచవచ్చు. లోపల వేసినది తిరిగి తీయడానికి వీలులేకుండా ఉండాలి. లేకుంటే మందు మళ్లీ అమ్మకానికి చేరే ప్రమాదం ఉంది. ఆరోగ్య కేంద్రం నుంచి జీవవైద్య వ్యర్థాలను తీసుకుపోయే వాహనమే దీనినీ తీసుకుపోవచ్చు. తూకం, తేదీ రాసే పుస్తకం ఉండాలి. నెలనెలా మాత్రలు ఇచ్చే సమయంలోనే ఆరోగ్య సిబ్బంది మిగిలినవాటిని అడిగి తీసుకోవచ్చు. ఇన్సులిన్ సూదులను గట్టి డబ్బాలో విడిగా ఇవ్వాలి. ఈ ఏర్పాటు వచ్చేవరకు మందులను అసలు కవరులోనే, పేరు, తేదీ కనిపించేలా, పిల్లలకు అందకుండా తాళం వేసి ఉంచడం మేలు.

6. ముగింపు:
మందు ఊరికి చేరే దారి పకడ్బందీగా ఉంది: లైసెన్సు, చీటీ, బిల్లు, రిజిస్టరు అన్నీ ఉన్నాయి. తిరిగి వెళ్లే దారికి ఒక పెట్టె, ఒక పుస్తకం, ఇప్పటికే తిరుగుతున్న వాహనం చాలు. కొరత సాంకేతికతది కాదు, బాధ్యుడెవరో తేల్చకపోవడానిది. దానిని తేల్చవలసింది రాష్ట్ర ఔషధ నియంత్రణ శాఖ, స్థానిక సంస్థలు.