పూండి పూడిక ఎక్కడిది?

చెన్నైకి నీళ్లిచ్చే పూండి జలాశయంలో పూడిక మాట వస్తే అందరి చూపూ అడుగున పేరుకున్న మట్టి మీదికే పోతుంది. ఆ మట్టిలో కొంతదాని పుట్టిల్లు ఎగువన, చిత్తూరు జిల్లా నగరి కొండవాలుల్లో ఉంది. అక్కడి వాన నగరి నది గుండా కొసస్థలై నదిలో కలిసి, 1944లో పూర్తయిన ఈ జలాశయానికి చేరుతుంది. పొలాల మట్టి, వాగుగట్ల మట్టి కూడా వస్తాయి. ఎవరికీ పట్టనిది మాత్రం పశువులు మేసే బీడు.

మే నెలకి గొర్రెలు, మేకలు గడ్డిని మొదళ్లదాకా కొరికేస్తాయి. గిట్టల తొక్కుడికి పైమట్టి గట్టిపడి, నీరు ఇంకే సన్నటి సందులు మూసుకుపోతాయి. పెద్ద చినుకు నేలను తాకేసరికి దాని వేగం సెకనుకు సుమారు 9 మీటర్లు. గడ్డి ఉంటే ఆ దెబ్బను ఆకు కాచుకుంటుంది. లేకుంటే మట్టి చెదిరి, ఆ నలుసులే మిగిలిన సందుల్లో కూరుకుని నేల పెచ్చు కడుతుంది. ఇక నీరు ఇంకదు, పారుతుంది.

వాన వెలిశాక బీడు మీద వంగి చూడండి. ఒక్కో గులకరాయి కింద చిన్న మట్టి స్తంభం నిలిచి ఉంటుంది. రాయి కాచిన మట్టి అది. చుట్టూ ఉన్నది కొట్టుకుపోయింది. ఆ స్తంభం ఎత్తు ఒక్క మిల్లీమీటరే అనుకున్నా, హెక్టారుకు 10 ఘనపు మీటర్ల మట్టి పోయినట్టు!

ఈ ప్రాంతానికి అసలు పరీక్ష అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వచ్చే ఈశాన్య రుతుపవనాలు, వాయుగుండాలు. అంతకుముందు జూన్ నుంచి పడే జల్లులకు గడ్డి మళ్లీ చిగురిస్తుంది. ఆ చిగురును ఎదగనిస్తే నవంబరు కుంభవృష్టిని బీడు చాలావరకు తట్టుకుంటుంది. చిగురు చిగురుగానే మేపేస్తే, పైగా తడినేలను మంద తొక్కితే, మే నెల బోడినేల మీదే నవంబరు వాన పడినట్టు. ఎంత వాన పడిందన్న దానికంటే, అది పడేనాటికి నేల మీద ఏముందన్నదే ముఖ్యమని నా లెక్క.

వాలుకు అడ్డంగా కందకాలు తవ్వితే పారే నీటి జోరు తగ్గుతుంది. కానీ గడ్డి లేని చోట ఆ కందకాలూ త్వరగానే పూడిపోతాయి. బీడును భాగాలు చేసి వంతులవారీగా మేపడం మేలు. అయితే మేత పోరంబోకులు కుదించుకుపోతున్న కాలంలో ఆ మాట కాపరికి చెప్పడం తేలిక, పాటించడం కష్టం. మూసిన భాగంలో గడ్డి ఎదిగేదాకా మంద ఏం తినాలి? సొంత పొలం ఉన్నవాడి వామిలో పోయినేటి వేరుశనగ కట్టె ఉంటుంది, లేనివాడు కొనాలి. పూడిక తీతకు పెట్టే ఖర్చులో కాస్త ఆ మేతకు మళ్లించవచ్చు.