గ్యాంగ్‌మన్ పిల్లల కోసం రైలెక్కిన బడి

కెనడాలోని ఉత్తర అంటారియో అడవుల్లో 1920లలో రైల్వే గ్యాంగ్‌మన్ బతుకంతా పట్టాల పక్కనే. మంచు తొలగించాలి, పాడైన స్లీపర్లు మార్చాలి, వదులైన బోల్టులు బిగించాలి. ఫిన్లాండ్, ఇటలీ, ఉక్రెయిన్‌ల నుంచి వలస వచ్చినవారు వీరిలో చాలామంది. దగ్గర్లో ఊరు లేదు, రోడ్డు లేదు, పిల్లలకు బడి లేదు.

నలుగురైదుగురు పిల్లలకు ఎక్కడికక్కడ బడి కట్టడం కుదరదు. అందుకే 1926లో బడినే రైలెక్కించారు. బోగీలో సగం తరగతి గది, సగం పంతులుగారి ఇల్లు. ఒక్కో సైడింగులో కొద్దిరోజులు ఆగేది. కదిలేముందు, మళ్లీ వచ్చేదాకా సరిపడా ఇంటిపని ఇచ్చేవారు. పగలు పిల్లలకు, సాయంత్రం పెద్దలకు పాఠాలు. ఫ్రెడ్ స్లోమన్ అనే ఉపాధ్యాయుడు కుటుంబంతో సహా ఆ బోగీలోనే ఉంటూ దాదాపు నలభై ఏళ్లు చదువు చెప్పారు.

అయితే పాఠాలన్నీ ఇంగ్లీషులోనే. ఇంట్లో మాట్లాడే భాషకు ఆ బోగీలో చోటు దొరకలేదు.

పిల్లలు తక్కువన్న మాట మన తెలుగు బడులూ వింటున్నవే. నలుగురి కోసమూ బడి నడపవచ్చని అక్కడ రుజువైంది. ఆ నలుగురికీ ఇంటి భాషలో చదువు దక్కాలంటే అమ్మానాన్నలు తెలుగు తరగతిలో చేర్పించాలి, మనం ఆ తరగతిని నిలబెట్టాలి.