మసిగుడ్డ మడతల్లో గాలి

రాయ్‌పూర్ నుంచి ధంతరి వైపు వెళ్తుంటే అభన్‌పూర్ వస్తుంది. చుట్టుపక్కలంతా వరి పండే నేల. ఆ దారే 30వ నంబరు జాతీయ రహదారి. బస్తర్ దాటుకుని, భద్రాచలం, కొత్తగూడెం మీదుగా విజయవాడ పక్కనున్న ఇబ్రహీంపట్నం చేరుతుంది. ఈ పొడవునా మాట మారుతుంది, కూర మారుతుంది, అన్నం వార్చే పని మాత్రం పెద్దగా మారదు. వార్చిన నీళ్లను అక్కడివాళ్లు పసియా అని తాగుతారు, మనం కాస్త ఉప్పేసుకుని తాగుతాం, లేకపోతే చీరలకు గంజి పెడతాం. వంటింట్లో వేడి గిన్నె పట్టుకునే గుడ్డకు అసలైన పరీక్ష ఈ వార్పు దగ్గరే ఎదురవుతుంది. చెవుల్లేని గిన్నె అంచునీ మూతనీ కలిపి రెండు చేతులా నొక్కిపట్టాలి. గిన్నె వంచగానే సందులోంచి ఆవిరి వేళ్ల కణుపుల మీదికి తన్నుకొస్తుంది. గంజి అంచు వెంబడి జారి గుడ్డ మడతలోకి ఇంకుతుంది. బరువంతా రెండు బొటనవేళ్ల మీద ఉంటుంది. కాలుతోంది కదా అని మధ్యలో వదిలేస్తే అంతకంటే పెద్ద ప్రమాదం. ఓవెన్‌లోంచి కేకు పళ్లెం బయటికి తీయడం దీని ముందు సులువైన పనే. బజారులో దొరికే చాలా గ్లవ్స్ మాత్రం ఆ సులువైన పనికి తయారైనవే.

మసిగుడ్డ గానీ గ్లవ్స్ గానీ కొనేటప్పుడు మనం పైబట్ట గట్టిదనం, రంగు, కుట్టు చూసి మన్నిక అంచనా వేస్తాం. పైబట్ట ఏళ్ల తరబడి చిరగకపోవచ్చు. దానికంటే చాలా ముందే చేతిని కాపాడే గుణం పోతుంది, ఎందుకంటే ఆ గుణం ఉన్నది లోపల చిక్కుకున్న గాలిలో. కదలకుండా నిలిచిన గాలి ఉష్ణవాహకత, శాస్త్రవేత్తలు వాడే కొలతలో, మీటరుకు డిగ్రీకి సుమారు 0.026 వాట్లు. నీటిది 0.6. స్టెయిన్‌లెస్ స్టీలుది 15 చుట్టుపక్కల, అల్యూమినియానిది 200 పైమాటే. దూది, నూలు బట్ట పొరలు కలిసిన పొడి మెత్త 0.05 దగ్గర ఉంటుంది. అంటే గాలికి ఒక మెట్టు మాత్రమే పైన. నూలు పోగు తనంతట తాను గొప్ప నిరోధకం కాదు. గాలిని కదలనీయకుండా చిన్న చిన్న గదుల్లో బంధించడమే అది చేసే మేలు. మన బొంత చలికాలంలో ఒంటి వేడిని బయటికి పోనివ్వదు, మసిగుడ్డ గిన్నె వేడిని చేతికి రానివ్వదు. పాత నూలు చీరలు పొరలు పొరలుగా పేర్చి బొంత కుట్టిన చేతులకు ఈ లెక్కలు తెలియకపోయినా పని తెలుసు.

గాలి మీద ఆధారపడ్డ ఏ వస్తువుకైనా శత్రువులు ఇద్దరు: ఒత్తిడి, తడి. ఒత్తిడి సంగతి ముందు చూద్దాం. అయిదు మిల్లీమీటర్ల మందం ఉన్న మెత్తను అరచేత్తో పళ్లెం కింద పెడితే బరువు విశాలంగా పరుచుకుంటుంది, మందం పెద్దగా తగ్గదు. అదే మెత్తతో గిన్నె అంచును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య బిగిస్తే ఆ సన్నని గీత మీద అది ఒక మిల్లీమీటరుకు అణిగిపోగలదు. మందం అయిదో వంతుకు పడితే వేడి ప్రవాహం అయిదు రెట్లవుతుంది. నిజానికి అంతకంటే ఎక్కువే, ఎందుకంటే నొక్కుడుకు గాలి బయటికిపోయి పోగులు ఒకదానికొకటి ఆనుకుంటాయి. దుకాణంలో ఉబ్బెత్తుగా కనబడిన గ్లవ్ ఇంటికొచ్చాక వేలి కొసల దగ్గర చురుక్కుమనిపించేది ఇందుకే. వాడుతున్నకొద్దీ, ఉతుకుతున్నకొద్దీ సరిగ్గా ఆ వేలి కొసల చోటే దూది శాశ్వతంగా చదునైపోతుంది. మధ్యలో మెత్తగా, కొసల్లో అట్టలా తయారైన గ్లవ్‌ను చూసి ఇంకా బాగానే ఉందిలే అనుకోవడం సహజం. కానీ పట్టు పడేది ఆ కొసలతోనే.

తడి ఇంకా మొండి శత్రువు. పోగుల మధ్య గాలి ఉండాల్సిన చోట నీరు చేరితే వాహకత ఇరవై రెట్లకు పైగా పెరగగలదు. అక్కడితో ఆగదు. వంద డిగ్రీలు దాటిన లోహాన్ని తాకినవైపు ఆ నీరు ఆవిరై, బట్ట సందుల్లోంచి చల్లగా ఉన్న వైపుకు, అంటే చేతివైపుకు పారి, అక్కడ మళ్లీ నీరవుతుంది. ఒక కిలో ఆవిరి నీరుగా మారేటప్పుడు విడిచే వేడి 2257 కిలోజౌళ్లు. అదే కిలో మరిగే నీరు వంద నుంచి నలభై డిగ్రీలకు చల్లారితే విడిచేది దాదాపు 250. తడిగుడ్డతో పెనం పట్టుకున్నప్పుడు వేడి పాకినట్టు కాక ఒక్కసారిగా కొట్టినట్టు అనిపించడానికి కారణం ఈ తొమ్మిది రెట్ల తేడా. పొడిగా కనిపించే నూలులో కూడా నీరుంటుంది. గాలిలో సాపేక్ష తేమ 65 శాతం ఉన్నప్పుడు నూలు తన పొడి బరువులో ఎనిమిదిన్నర శాతం దాకా నీటిని పీల్చుకుంటుంది, వానాకాలంలో ఇంకా ఎక్కువ. జులై, ఆగస్టు నెలల్లో రాయ్‌పూర్ చుట్టుపక్కలైనా గోదావరి జిల్లాల్లోనైనా, సింకు పక్కన ఉండచుట్టి పడేసిన మసిగుడ్డ పూర్తిగా ఆరే అవకాశం లేదు.

ఇప్పుడు అట్ట మీది అంకెల సంగతి. 250 డిగ్రీలు తట్టుకుంటుంది అని రాసి ఉంటే చెయ్యి 250 డిగ్రీల దగ్గర క్షేమమని కొనేవాళ్లు అర్థం చేసుకుంటారు. చాలాసార్లు దాని అర్థం ఆ వేడికి గ్లవ్ కరగదని మాత్రమే. చేతికి కావలసిన కొలత ఉష్ణోగ్రత ఒక్కటే కాదు, వ్యవధి కూడా. ఐరోపాలో రక్షణ గ్లవ్స్‌కు ఈఎన్ 407 అనే ప్రమాణం ఉంది. తాకిడి వేడి పరీక్షలో మొదటి స్థాయికి 100 డిగ్రీలు, రెండోదానికి 250, మూడోదానికి 350, నాలుగోదానికి 500. ఏ స్థాయికైనా లోపలివైపు ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరగడానికి కనీసం పదిహేను సెకన్లు పట్టాలి. అంటే ఇది ఎప్పటికీ కాలని చేతికి హామీ కాదు, పదిహేను సెకన్ల గడువు. చర్మం వైపు నుంచి చూసినా లెక్క వ్యవధిదే. 1947లో మోరిట్జ్, హెన్రిక్స్ అనే అమెరికా పరిశోధకులు చూపినదాని ప్రకారం చర్మం మీద 44 డిగ్రీలు ఉంటే పాడవడానికి ఆరు గంటలు పడుతుంది, 60 డిగ్రీలకు అయిదు సెకన్లు చాలు. పొయ్యి మీంచి గట్టు మీదికి గిన్నె దించడానికి రెండు మూడు సెకన్లు. అందుకు మామూలు పొడి మడత సరిపోతుంది. వార్పు నిమిషం దాకా సాగొచ్చు. ఒకే గుడ్డ మొదటి పనిలో నెగ్గి రెండో పనిలో ఓడిపోవడంలో వింతేమీ లేదు.

వెనకటి తరంవాళ్లు ఇవేవీ లేకుండా చిరిగిన పంచె ముక్కతోనే వండలేదా అని అడగొచ్చు. వండారు. ఆ పంచె నూలుది. నూలు కరగదు, మితిమీరిన వేడికి మాడి నల్లబడుతుంది, కమురు వాసనతో ముందే హెచ్చరిస్తుంది. ఇవాళ ఇంట్లో పాతబడి మసిగుడ్డ అయ్యేది చాలావరకు పాలిస్టర్ కలిసిన చీరో, టీషర్టో, చొక్కానో. పాలిస్టర్ 250-260 డిగ్రీల మధ్య కరుగుతుంది, అంతకు ముందే మెత్తబడుతుంది. మంట మీద ఖాళీగా కాగిన అట్లపెనం ఆ వేడిని సులువుగా చేరుకుంటుంది. కరిగిన ప్లాస్టిక్ చర్మానికి అంటుకుంటే దులపడం కుదరదు, చల్లారేదాకా కాలుస్తూనే ఉంటుంది. పంచె ముక్క వాడకం తప్పేం కాదు, అది ఇప్పటికీ పంచె ముక్కేనా అన్నదే చూసుకోవాలి. తెలుసుకోవడం తేలిక. అంచు నుంచి ఒక పోగు లాగి, పట్టకారుతో పట్టుకుని, సింకు మీద అగ్గిపుల్లకు చూపించాలి. నూలైతే కాగితం కాలిన వాసనతో మండి, వేలితో నలిపితే పొడి అయ్యే బూడిద మిగులుతుంది. పాలిస్టరైతే మంటకు దూరంగా ముడుచుకుని, నల్లటి గట్టి పూసలా మారుతుంది. కలనేత అయితే బూడిదలో చిన్న చిన్న పలుకులు తగులుతాయి. కొన్న గ్లవ్‌లో పైబట్ట నూలే అయినా కుట్టుదారం, లోపలి మెత్త పాలిస్టర్ అయ్యే అవకాశం ఎక్కువ. బొటనవేలికీ అరచేతికీ మధ్య కుట్టు మొదట తెగిపోవడానికి లాగుడుతో పాటు ఈ దారం మెత్తబడటం కూడా కారణమే. ఇక చీర కొంగుతో గిన్నె దించే అలవాటు మాత్రం గ్యాసు పొయ్యి దగ్గర ఏ బట్టకూ తగదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో భారతదేశంలో ఏటా పది లక్షల మందికి పైగా ఓ మోస్తరు నుంచి తీవ్రమైన కాలిన గాయాల పాలవుతున్నారు.

సిలికోన్ గ్లవ్స్ వైపు నుంచి గట్టి వాదనే వస్తుంది: నీరు పీల్చవు, కడిగి తుడిస్తే చాలు, రెండు వందల డిగ్రీల పైన కూడా చెక్కుచెదరవు, ఏళ్లు నిలుస్తాయి. ఇవన్నీ నిజాలే. ఆవిరి, గంజి చుక్కల విషయంలో వాటికి సాటి లేదు. కానీ సిలికోన్ రబ్బరు వాహకత 0.2 పైన ఉంటుంది, పొడి దూది మెత్తకు నాలుగు రెట్లు. రెండు మిల్లీమీటర్ల సిలికోన్ అరమిల్లీమీటరు మెత్తతో సమానం. పైన గళ్లు, గుబ్బలు పోసేది జారకుండా ఉండటానికీ, గుబ్బల మధ్య మళ్లీ గాలి నిలవడానికీ. లోపల నూలు అస్తరు లేని సిలికోన్ గ్లవ్ ఎంత కాలం మన్నినా చేతికి ఒరగబెట్టేది తక్కువ. అస్తరు ఉన్నది మంచి ఎంపిక, అయితే గిన్నె అంచు పట్టుకునేంత వంపు అందులో ఉందో లేదో వేళ్లు పెట్టి చూడాలి. వెండి రంగు పూతతో మెరిసే గ్లవ్స్ కథ వేరు. ఆ పూత దూరం నుంచి ప్రసరించే వేడిని తిప్పికొడుతుంది. లోహాన్ని నేరుగా తాకినప్పుడు దాని వల్ల లాభం లేదు, డబ్బు దండగ.

కొనేటప్పుడు చూడాల్సింది వేలి కొసల చోటు. రెండు వేళ్లతో గట్టిగా నొక్కి వదిలితే మెత్త వెంటనే పైకి లేవాలి. అణిగినచోట గుంట నిలిచిపోతే కొత్తదైనా అది పాతదే. కుట్టు గీతలు మరీ దగ్గరగా ఉంటే దూది కదలదు గానీ ప్రతి గీతా వేడి దాటడానికి ఒక సన్నని కాలువ. మరీ దూరంగా ఉంటే నాలుగు ఉతుకులకు దూదంతా ఒక మూలకు చేరుతుంది. ఇంట్లో కుట్టుకునేవాళ్లు బట్టనూ దూది పొరనూ ముందే తడిపి ఆరబెడితే తర్వాత ముడతలు పడవు, నూలు దారమే వాడాలి. లోపలికి పాత గొంగడి ముక్క దొరికితే అంతకంటే కావలసింది లేదు. ఉన్ని కరగదు, అంత సులువుగా అంటుకోదు, నొక్కి వదిలితే దూది కంటే బాగా కోలుకుంటుంది. రాయలసీమ, తెలంగాణ పల్లెల్లో దాని విలువ తెలిసినవాళ్లు ఇంకా ఉన్నారు. తేలికైన చిన్న గిన్నెలకు అసలు ఇవేవీ అక్కర్లేదు, స్టీలు పట్టకారు చాలు, దాని పళ్లు అరగనంత కాలం. బరువైన తపేలాకు మాత్రం పట్టకారును నమ్మకూడదు.

గుడ్డ ఎంత మంచిదైనా, చేతులు తుడవడానికీ గట్టు తుడవడానికీ అదే వాడితే అది ఎప్పుడూ తడిగానే ఉంటుంది. 2018లో మారిషస్ విశ్వవిద్యాలయం పరిశోధకులు వంద వంటింటి తువ్వాళ్లు పరీక్షిస్తే 49 తువ్వాళ్లలో బాక్టీరియా పెరిగింది. పలు పనులకు వాడినవాటిలో, తడిగా ఉన్నవాటిలో ఈ.కొలై ఎక్కువగా కనిపించింది. మూలకు ఒక ఉచ్చు కుట్టి, సింకుకు దూరంగా, గాలి తగిలేచోట మేకుకు తగిలిస్తే కాలిన చెయ్యి, కలుషితమైన చెయ్యి రెండూ తప్పుతాయి. వార్పు ఉన్న ఇంట్లో ఒక జత ఎలాగూ తడుస్తుంది కాబట్టి రెండు జతలు ఉండాలి. మొదటిది ఆరేదాకా మధ్యాహ్నం వంటకు రెండోది.