మంచు కింద పానం తీసేది మన ఊపిరే!

2016 ఫిబ్రవరి 3. సియాచిన్‌ల సోనమ్ పోస్టు మీద మంచు చరియలు ఇరిగిపడ్డయ్. మద్రాస్ రెజిమెంట్ జవాన్లు పది మంది పూడిపోయిన్రు. అండ్ల కర్నూలు జిల్లా బిడ్డ కూడా ఉన్నడు. ఆరో దినం లాన్స్ నాయక్ హనుమంతప్ప ఒక్కడే పానంతోని దొరికిండు. ఫిబ్రవరి 11న ఢిల్లీ దవాఖానల ఆయన కూడా కన్నుమూసిండు. అప్పటిసంది నాకు ఒక్కటే అనుమానం: అంత మంచు కింద మనిషికి గాలి ఎక్కడిది? పెద్ద సదువులు లేకపోయినా దొరికినకాడికి సదివిన. సమజైనంత చెప్త.

ముందుగాల తెల్సుకోవాల్సింది ఏందంటే, మంచుల గాలి ఉంటది. చరియగ వచ్చి గట్టిపడ్డ మంచుల కూడా సగం దాక గాలే. మరి ఎందుకు సస్తరు? మనం పీల్చే గాలిల ఆక్సిజన్ 21 శాతం. ఇడిసే గాలిల 16 శాతమే, పైకెల్లి కార్బన్ డయాక్సైడ్ 4 శాతం దాక ఉంటది. మంచుల ఇరుక్కున్నోడు ఇడిసిన గాలి ముఖం కాడనే ఆగుతది. దాన్నే మళ్ల పీలుస్తడు. ఊపిరి వేడికి ముఖం ముంగట మంచు కరిగి మళ్ల గడ్డకడ్తది. ఇగ కొత్త గాలికి తొవ్వ బంద్. పాడువడ్డ బాయిల దిగినోడు ఊపిరాడక పడిపోయినట్టే ఇది కూడా. అందుకే మొదటి పది, పదిహేను నిమిషాలల్ల తవ్వితీస్తే చానమంది బతుకుతరు. అరగంట దాటితే ఆశ తగ్గుతది.

అంటే పీల్చే గాలిని, ఇడిసే గాలిని ఏరు చేస్తే సాలు. అమెరికాల చేసిన అవలంగ్ అనే యంత్రం గిదే పని చేస్తది. నోట్లె గొట్టం పెట్టుకుంటే ఛాతి దిక్కు మంచులకెల్లి గాలి వస్తది, ఇడిసింది ఈపు దిక్కు పోతది. ఎనమండుగురిని మంచుల పూడ్చి దీన్ని పరీక్షించిన్రు. 2000ల అచ్చయిన లెక్క చూస్తే, యంత్రం ఉన్నప్పుడు సగటున 58 నిమిషాలు ఉన్నరు, లేనప్పుడు 10 నిమిషాలే. గని దీనితోని చిక్కొకటుంది. చరియ కొట్టి దొర్లిస్తుంటే గొట్టం నోట్లె నిలవాలె కదా!

గొట్టం లేకుంట నార్వేల సేఫ్‌బ్యాక్ ఎస్‌బీఎక్స్ తయారుచేసిన్రు. బ్యాగుల బ్యాటరీ ఫ్యాను ఉంటది. ఈపు ఎనుక మంచులకెల్లి గాలి గుంజి ముఖం కాడికి తోస్తది. ఆక్సిజన్ సిలిండర్ అక్కెర లేదు.

దీన్ని ఇటలీ పరిశోధకులు పరీక్షించిన తీరు నాకు నచ్చింది. 24 మంది వాలంటీర్లను బోర్ల పండవెట్టి, మీద అర మీటరుకు తక్కువ కాకుంట మంచు కప్పిన్రు. సగం మందికి నడిచే యంత్రం, సగం మందికి ఉత్తుత్తి యంత్రం. ఎవలికి ఏది వచ్చిందో వాళ్లకు చెప్పలే. ఎందుకంటే భయపడ్డోడు ఎక్కువ గాలి పీలుస్తడు, ధైర్యమున్నోడు నిమ్మలంగ ఉంటడు. ధైర్యాన్ని యంత్రం ఖాతాల రాయొద్దు కదా. కరోనప్పుడు ఏలుకు పెట్టుకున్నమే, గట్లనే నెత్తుట్ల ఆక్సిజన్ సూసుకుంట కూసున్నరు. 80కి కిందికి పడితే ఎంబడే బయటికి తీసుడే. 2025ల ఫలితం వచ్చింది: ఉత్తుత్తి యంత్రమోళ్లు మధ్యస్థంగ 6.4 నిమిషాలు ఉంటే, ఫ్యాను ఉన్నోళ్లు పెట్టుకున్న గడువు 35 నిమిషాల దాక ఉన్నరు.

గిది మంత్రమేం కాదు. పరీక్షల మంచును మనుషులు పేర్చిన్రు, నిజం చరియ చెట్టుకు, బండకు కొడ్తది. ఇరిగిన మెడను ఫ్యాను అతకదు. సోనమ్ పోస్టుల లెక్క 25 అడుగుల గడ్డ పడితే అరగంటల తవ్వుడు ఎవలి తరం కాదు. గని మీటరు లోతుల ఉన్నోనికి, పక్కన పార పట్టుకున్న దోస్తు ఉంటే, ఆ అరగంటే పానం.

ఇగ అసలు ముచ్చట. గిసొంటి యంత్రాలు ఎక్కువ అమ్మేది స్కీయింగ్ చేసేటోళ్లకు. మంచుల ఆడుకునేటోని పానం కూడా పానమే, కాదంటలేను. గని 2025 ఫిబ్రవరి 28న ఉత్తరాఖండ్ మానా కాడ రోడ్డు పని చేసే 54 మంది కూలీల మీద చరియ పడ్డది. ఎనిమిది మంది సచ్చిపోయిన్రు. వాళ్లు ఆటకు పోలే, కూలికి పోయిన్రు.

పొద్దుగాల లేసి ఆర్మీకి రన్నింగ్ కొడుతున్న తమ్ముళ్లారా, రేపు మీకు అక్కడ్నే పోస్టింగ్ రావచ్చు. జాకెట్, బూట్లు అడిగినట్టే అడుగుండ్రి: మంచు మీద పడితే మాకు ఊపిరి ఇచ్చేది ఏముంది, తవ్వితీసేది ఎవరు? జవాబు చెప్పాల్సింది పంపినోళ్లే.