ఫ్యూజు 'టప్'మంది... బేస్ గిటారు మూగబోయింది!

ఆర్కెస్ట్రా కచేరీకి వెళితే మీరు ఎవర్ని చూస్తారు? పాడేవాళ్లని చూస్తారు, కీబోర్డు కుర్రాణ్ణి చూస్తారు. వెనక నిలబడి నాలుగు లావుపాటి తీగలు మీటే బేస్ గిటారిస్టు వంక కన్నెత్తి చూసేవాళ్లెందరు? అతగాడు ఆగిపోతే మాత్రం పాటకి కాళ్లు విరిగినట్టే! 1989లో వచ్చిన 'గీతాంజలి' పాటల్ని బేస్ లేకుండా వాయించి చూడమనండి, ఇళయరాజా దాని చేత ఎంత పని చేయించారో తెలుస్తుంది.

విజయవాడలో నాకు తెలిసిన ట్రూపు ఒకటుంది. కిందటి దసరా పందిళ్లలో వాళ్ల బేస్ ఆంప్లిఫయరు ఫ్యూజులు మింగడం మొదలెట్టింది. కొత్తది వేస్తే రెండు పాటలు, మూడో పాటకి 'టప్'! చివరికి స్విచ్చి వేసీ వెయ్యగానే పోవడం. పైకంలో కోత పెడతామని కమిటీవాళ్లు గొడవ. ఇంతలో ఎవరో ఉత్సాహవంతుడు వైరులోంచి రాగిపోగు లాగి ఫ్యూజుకి చుట్టబోయాడు. బేస్ వాయించే అబ్బాయి చటుక్కున చెయ్యి పట్టుకుని ఆపాడు గనక సరిపోయింది! 2 ఆంపియర్ల ఫ్యూజు ఉండాల్సిన చోట రాగితీగ పెడితే తీగ తెగదు, లోపల ట్రాన్స్‌ఫార్మరు కాలుతుంది. చుట్టూ గుడ్డ పందిరి, ముందు వరసలో చిన్నపిల్లలు... ఆ పైన ఊహించుకోండి.

మర్నాడు వాళ్లతో పాటు నేనూ రిపేరు మాస్టారి కొట్టుకి వెళ్లాను. ఆయన ముందు పెట్టె విప్పలేదు, పోయిన ఫ్యూజు అడిగారు.

"గాజు నల్లగా మాడింది చూశారా బాబూ? ఇది గట్టి షార్టు. గాజు తెల్లగా ఉండి తీగ మధ్యలో తెగితే, లోడు ఎక్కువైందని లెక్క."

తర్వాత 100 వాట్ల పాతకాలపు బల్బుని కరెంటు దారిలో సిరీస్‌గా కలిపారు. (ఎల్.ఇ.డి. బల్బు దీనికి పనికిరాదు సుమండీ!) లోపల షార్టు ఉంటే కరెంటు భారమంతా బల్బు మీద పడుతుంది, ఇంకేదీ కాలదు. ఆంప్లిఫయరు బాగుంటే బల్బు ఒక్కసారి మెరిసి మసకబారుతుంది. ఇది భగ్గున వెలిగి అలాగే ఉండిపోయింది! ట్రాన్స్‌ఫార్మరు నుంచి లోపలికెళ్లే తీగలు విడదీశారు, బల్బు ఆరింది. అంటే ట్రాన్స్‌ఫార్మరు క్షేమం. రెక్టిఫయరూ బాగానే ఉంది. అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లకి మీటరు పెడితే, రెండు అటూ ఇటూ సున్నాయే చూపించాయి. దొంగలు దొరికారు!

"మూణ్ణెల్ల కిందటే మార్పించాం మాస్టారూ" అన్నాడు బేస్ అబ్బాయి నీరసంగా.

"మార్చారు సరేరా, ఎందుకు పోయాయో ఎవరన్నా అడిగారా? స్పీకరు బాక్సులెన్ని తగిలిస్తున్నారు?"

రెండుట! ఒక్కోటి 4 ఓములు. ఆంప్లిఫయరు వీపు మీద మాత్రం 4 ఓములకు తగ్గరాదని అచ్చువేసి ఉంది. రెండూ పక్కపక్కన కలిపితే అయ్యేది 2 ఓములే. కరెంటు దాదాపు రెట్టింపు లాగుతుంది. పైగా బేస్ కింది తీగ సెకనుకి 41 సార్లు కంపించే స్వరం, అసలే బరువు పని. ట్రాన్సిస్టర్లు వేడెక్కి వేడెక్కి షార్టయ్యాయి. పాపం ఫ్యూజు తన డ్యూటీ తాను చేసింది.

కొత్త ట్రాన్సిస్టర్లు, వాటి కింద కొత్త మైకా ముక్కలు, తెల్ల పేస్టు. మైకా చిరిగితే ట్రాన్సిస్టరు ఒళ్లు హీట్ సింక్‌కి తగిలి మళ్లీ షార్టేనట. బల్బు ఈసారి మెరిసి మసకబారింది. అయినా స్పీకరు తగిలించనివ్వలేదాయన. దానికెళ్లే తీగల్లో డి.సి. కరెంటు లేదని మీటరుతో తేల్చుకున్నాకే సరేనన్నారు. లేకపోతే స్పీకరు కాయిలు మాడిపోతుందిట.

చూసింది కదా అని మీరు స్క్రూడ్రైవరు పట్టకండి! ప్లగ్గు పీకినా కెపాసిటర్లలో కరెంటు దాగుంటుంది. పాత వాల్వు సెట్లలో అయితే వందల వోల్టులు!

ఆ సాయంత్రం ఒక్క బాక్సుతోనే వాయించారు. మోత కాస్త తగ్గిందని డ్రమ్ములబ్బాయి గొణిగాడు. ఇప్పుడు 8 ఓముల బాక్సులు రెండింటి కోసం వెతుకుతున్నారు. అవి కలిపితే సరిగ్గా 4 అవుతుంది మరి.