కరవుసీమలో వరదకు సాక్ష్యములు

వానకై ఆకాశమువంక చూచుటయే అలవాటైన సీమలో వరదకై ఇంటిని సిద్ధపరచుకొనుడనుట వినువారికి వింతగా తోచవచ్చును. కాని 2009వ సంవత్సరమున, నైరృతి ఋతువు దేశమంతట ముఖము చాటుచేసి కరవు మాటయే నలుదెసల వినవచ్చిన పిమ్మట, అక్టోబరు 2వ తేదీనాటికి తుంగభద్రయు హంద్రియు ఏకమై కర్నూలు పట్టణమును ముంచివైచినవి. దిగువనున్న శ్రీశైల జలాశయమునకు సుమారు 25 లక్షల క్యూసెక్కుల ప్రవాహము చేరి, నీటిమట్టము 885 అడుగుల పూర్తిస్థాయిని దాటి 896 అడుగులకు పైబడెను. మరల 2021 నవంబరు 19వ తేదీ వేకువను చెయ్యేటిపై అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగి, నాటి కడప జిల్లా రాజంపేట మండలమున పులపత్తూరు, మందపల్లి, తొగురుపేట గ్రామములపై నీరు విరుచుకొనిపడెను. ఇట్టి ప్రవాహము ఇంటి వస్తువులనేగాక, అవి ఆ ఇంట నుండెననుటకు గల ఆధారములను గూడ కొనిపోవును. బీమా పరిహారము కోరువానికి ఈ రెండవ నష్టమే యెక్కువ దుర్భరము.

బీమా నియంత్రణ సంస్థయగు ఐఆర్‌డీఏఐ ఆదేశము ననుసరించి 2021 ఏప్రిల్ 1వ తేదీనుండి సాధారణ బీమా సంస్థలు ‘భారత్ గృహ రక్షా’ యను ఏకరూపమైన పాలసీని అమ్ముచున్నవి. అగ్నితోబాటు తుపాను, వరద, ముంపు, పిడుగు, భూకంపము ఇందులో చేరియున్నవి. కట్టడమునకు బీమా చేసినచో, అందలి సామానులకు, వివరముల పట్టిక యడుగకయే, కట్టడపు మొత్తములో నూటికి 20 వంతులు, 10 లక్షల రూపాయలకు మించకుండ, రక్షణ దానంతట లభించును. నగలవంటి విలువైన వస్తువులకు మాత్రము వేరుగ కోరుకొనవలయును. కట్టడపు విలువయనగా స్థలముయొక్క ధర కాదు. మరల కట్టుటకగు వ్యయము. అప్పు తీసికొని కట్టిన యిండ్లవారిలో పెక్కుమంది పాలసీ బ్యాంకు ఫైలులోనున్నదని నిశ్చింతగా నుందురు. దానిని ఒక్కమారైనను చదివినవారు అరుదని నా యభిప్రాయము.

పట్టిక అడుగకపోయినను నష్టము నిరూపించు భారము తప్పదు. కావున ఎండలు కాయుచుండగనే ఒకదినము సెల్‌ఫోను చేతబట్టి, వాకిలినుండి మిద్దెవరకు గదిగది తిరిగి, గోడలు, కప్పు, కడపబండల నేల, బీరువాల లోపలి యరలు చిత్రములు తీసికొనవలయును. ఫ్రిజ్జు, టీవీ, మోటారు వెనుకనుండు సంఖ్యలు స్పష్టముగ కనబడవలయును. దుకాణముల యంత్రములు ముద్రించి యిచ్చు బిల్లులపై అక్షరములు కొన్నాళ్లకే వెలిసిపోవును గనుక కొన్ననాడే వాటి చిత్రమును గూడ తీయుట మేలు. దస్తావేజును ట్రంకుపెట్టెలోనుంచి, ఆ పెట్టెను మంచముక్రిందికి త్రోయు మన యాచారము దొంగలకు తగిన యుపాయమే గాని, వరద మొదట చేరు చోటు అదియే. దస్తావేజు, ఇంటిపన్ను రసీదు, పాలసీ ప్రతుల చిత్రములు పొరుగూరి బంధువు ఫోనులోనుండుట మంచిది.

ఇక వివాదము సాధారణముగ పుట్టునది కప్పు విషయమున. కాలక్రమమున కలుగు శిథిలత్వమునకు బీమా లేదు. తుపాను కలిగించిన నష్టమునకు గలదు. పగిలిన గోడయెదుట నిలిచిన బీమాసంస్థ సర్వేయరు ఆ రెంటిని వేరుచేయజూచును. మన పాత మట్టిమిద్దెలపై వానకాలమునకు ముందు చవుడు పోయించుట తరతరముల వాడుక. చవుడు పోసిన పిమ్మట తీసిన చిత్రమును, మేస్త్రీకి కూలి యిచ్చినట్టి చీటియు, మరుసటి తుపానులో కప్పు కూలినచో అది అంతకుముందు బాగుగనే యుండెనని చెప్పగల సాక్షులు. పాత బీటలను గూడ దాచక తీసియుంచుడు. కొత్తబీట కొత్తదని తెలియుటకు పాతవి తెలియవలయును గదా!

నీరు తీసిన తరువాత మన గృహిణులకు మొదట తోచునది కడిగి శుభ్రపరచుట. గోడపై నీటిచారకు టేపుపెట్టి చిత్రము తీయునంతవరకు చీపురు పట్టరాదు. సంస్థకు వెంటనే తెలుపవలయును. తడిసిన పరుపులను సర్వేయరు చూడకమునుపు పారవేయరాదు. ఆరబెట్టి కాపాడదగిన వాటిని కాపాడుట పాలసీదారుని విధియే. రెవిన్యూవారు వ్రాసికొను నష్టము లెక్క ప్రభుత్వ సహాయమునకు సంబంధించినది, బీమాకు కాదు; ఐనను అందులో పేరున్నచో ఇంట నీరు చేరెననుటకు అదియొక యాధారమగును.

పరిహారము విషయమై బీమాసంస్థకు వ్రాతమూలకముగ ఫిర్యాదు చేసినను నెలలోగా జవాబు రానియెడల, లేక వచ్చిన జవాబు తృప్తికరము కానియెడల, హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్ కార్యాలయమునకు ఒక సంవత్సరములోగా అర్జీ పంపుకొనవచ్చును. 50 లక్షల రూపాయలవరకు పరిహారము నిర్ణయించు నధికారము వారికి గలదు; రుసుము లేదు, వకీలు అక్కరలేదు.